లక్ష దాటిన ఇంజన్ ముసలిదేనా? మన ఎండ, మన నీళ్లు, మన దుమ్ము చెప్పే లెక్క

నెల్లూరులోనో ఒంగోలులోనో పాత కారు బేరానికి వెళితే అమ్మేవాళ్ల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: "డాక్టరు గారి బండి సార్, ముప్పై అయిదు వేలే తిరిగింది." ఆ మాటతోనే బేరం సగం కుదిరిపోతుంది. అదే మోడలు, అదే సంవత్సరం బండి ఒకటి చెన్నై ఎయిర్‌పోర్టుకు ట్రావెల్స్‌లో తిరిగి మీటరు మీద 1,80,000 చూపిస్తుంటే దాని బానెట్ ఎత్తి చూసేవాళ్లు కూడా ఉండరు. సీట్లు, సస్పెన్షన్, స్టీరింగ్ జాయింట్లు చూసుకుంటే ఈ తీర్పు న్యాయమే. ఇంజన్ విషయంలో మాత్రం చాలాసార్లు తప్పవుతుంది. ఎందుకు తప్పవుతుందో అర్థమైతే ఇంజన్ ఆయుష్షు గురించి తెలుసుకోవలసినదాంట్లో సగానికి పైగా తెలిసినట్టే.

ముందు అంకెలు చూద్దాం. ఇప్పటి మామూలు పెట్రోలు ఇంజన్, వేళకు ఆయిలూ కూలెంటూ మారుస్తూ వాడితే, విప్పే పని లేకుండా రెండు నుంచి మూడు లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. మంచి డీజిలు ఇంజన్ ఇంకో లక్ష ఎక్కువే ఇస్తుంది. ఇన్నోవా డీజిలు బండ్లు నాలుగైదు లక్షలు దాటడం ట్రావెల్స్ వాళ్లకు వింతేమీ కాదు. ఇక చివరి అంచు ఎక్కడుందో చెప్పడానికి అందరూ చూపించే ఉదాహరణ అమెరికాకు చెందిన ఇర్వ్ గోర్డన్. 1966లో కొన్న వోల్వో పీ1800 కారును ఆయన 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు తిప్పి గిన్నిస్ రికార్డు నిలబెట్టుకున్నాడు. మధ్యలో ఇంజన్ విప్పి బాగుచేయించిన మాట నిజమే. అయినా అది అరవైల నాటి ఇంజన్, అందులో ఏ కంప్యూటరూ లేదు. ఆయనకు కలిసొచ్చినవి రెండు: రోజూ ఉద్యోగానికి వెళ్లే దూరమైన దారి, ఎన్నడూ తప్పని ఆయిల్ మార్పు.

అంబాసిడర్, పద్మినీ రోజుల్లో లక్ష అంటే పెద్ద అంకె. "ఇంజన్ బోరుకు వచ్చింది" అనే మాట ఆ కాలంలో ప్రతి షెడ్డులోనూ వినబడేది. సిలిండరు గోడ అరిగి, రింగులు వదులై, నీలి పొగ కొడుతుంటే బోరు కొట్టించి, పెద్ద సైజు పిస్టన్లు వేయడం మామూలు పని. అప్పటి నుంచి ఇప్పటికి మారినవాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, గాలిలో పెట్రోలు కలిపి పంపే కార్బురేటరు పోవడం. చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు అవసరానికి మించి లోపలికి పోయిన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేసేది. అంటే ప్రతి ఉదయం కొన్ని నిమిషాలు పిస్టన్ రింగులు దాదాపు పొడి ఇనుము మీద రాసుకునేవి. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి, కావలసినంతే చుక్క లెక్కన కొట్టడం మొదలుపెట్టాక ఆ అరుగుదల చాలావరకు ఆగిపోయింది. సీసం కలిపిన పెట్రోలు 2000లో దేశమంతటా ఆగింది. ఇంధనంలో గంధకం బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం ఉన్నప్పుడు 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) ఉండేది, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక 10కి దిగింది. గంధకం తగ్గితే ఇంజన్ లోపల ఆమ్లం తగ్గుతుంది. సిలిండరు గోడ చెక్కే పని కూడా ఇప్పుడు ఎంతో సన్నం.

మరి ఇంత మంచి ఇంజన్ యాభై వేలకే ఎందుకు పాడవుతుంది? లోహం బలహీనమై కాదు. తిరుగుతున్న క్రాంక్ షాఫ్టుకూ దాని బేరింగుకూ మధ్య ఆయిల్ పొర ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకదు. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక సుమారు డెబ్బై మైక్రాన్లు ఉంటుంది. అంత పలుచటి పొర మీద ఇంజన్ అంతా తేలుతూ తిరుగుతుంది. ఆ పొర తెగినప్పుడు, దానిలో మట్టి కలిసినప్పుడు, దానికి మంచి వేడి అందనప్పుడు, వేడి మితిమీరినప్పుడు అరుగుదల మొదలవుతుంది. ఇలాంటివి ఎన్నిసార్లు జరిగాయో కిలోమీటర్ల మీటరు చెప్పలేదు.

ఇప్పుడు ఆ రెండు బండ్ల లెక్క వేద్దాం. మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డు ఆసుపత్రికి, అక్కణ్నుంచి ఇంటికి, సాయంత్రం మళ్లీ క్లినిక్కుకు తిరిగే కారు ఒక్కో దఫా నాలుగు కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 35,000 కిలోమీటర్లకు 8,750 సార్లు స్టార్టయింది. చెన్నై, తిరుపతి దారిలో ఒక్కో దఫా 150 కిలోమీటర్లు నడిచే బండి 1,80,000 కిలోమీటర్లకు 1,200 సార్లే స్టార్టయింది. స్టార్టయిన ప్రతిసారీ, ఆయిల్ అన్ని మూలలకూ చేరేదాకా ఉండే ఆ కొన్ని క్షణాలే ఇంజన్‌కు గడ్డుకాలం. ఆ తర్వాత వేడెక్కేదాకా నడిచే నిమిషాలు రెండో గడ్డుకాలం.

"నెల్లూరులో చలేముంది, ఇంజన్ చల్లగా ఎందుకుంటుంది?" అని అడుగుతారు. బయట 40 డిగ్రీలున్నా ఇంజన్‌కు అది చలే. కూలెంటు 90 డిగ్రీలకు చేరడానికి అయిదారు నిమిషాలు పట్టవచ్చు, ఆయిలు ఆ స్థాయికి రావడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఎక్కువ భాగం సైలెన్సరులోంచి పోయినా, కొంత రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. అరగంట హైవే మీద నడిస్తే ఆ నీరు, దాంతోపాటు కలిసిన పెట్రోలు వేడికి ఆవిరై పోతాయి. నాలుగు కిలోమీటర్లకే ఆపేస్తే అక్కడే ఉండిపోతాయి. రోజూ అలాగే జరిగితే ఆయిల్ మూత అడుగున తెల్లటి మీగడలాంటి పూత కనిపిస్తుంది, లోపల ఆమ్లం తయారవుతుంది. అందుకే కంపెనీ పుస్తకం "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అంటుంది. ఆ ఏడాది మాట ఉన్నదే తక్కువ తిరిగే బండ్ల కోసం. మనవాళ్లలో చాలామంది "ఇంకా అయిదు వేలే తిరిగింది కదా" అని రెండేళ్లు లాగేస్తారు.

ట్రాక్టరున్న రైతుకు ఈ సంగతి కొత్త కాదు. ట్రాక్టరు మీటరు గంటలు చూపిస్తుంది, సర్వీసు కూడా గంటల మీదే. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకో ఆయిల్ మార్పు. కారునూ అలా చూడండి. కారు తెర మీద సగటు వేగం చూపిస్తే దాన్ని గమనించండి. ఊళ్లో తిరిగే బండికి అది గంటకు 18 కిలోమీటర్లుంటే, 10,000 కిలోమీటర్లంటే 555 గంటలు. జాతీయ రహదారి మీద సగటున 65తో నడిచే బండికి అవే 10,000 కిలోమీటర్లు 154 గంటలు. ట్రాక్టరు మీద పడే బరువు వేరు, కారు మీద పడేది వేరు, రెంటినీ నేరుగా పోల్చలేం. కానీ ఒకే మీటరు అంకెకు ఒక ఇంజన్ మూడున్నర రెట్ల ఎక్కువ సేపు పనిచేసిందన్న మాట మాత్రం నిలుస్తుంది. బడి ముందు, కల్యాణమండపం ముందు ఏసీ వేసుకుని ఇంజన్ నడుపుతూ కూర్చునే సమయం మీటరులో ఒక్క కిలోమీటరు కూడా చేర్చదు. అలా నడిపిన గంటను నలభై, యాభై కిలోమీటర్ల ప్రయాణంగా లెక్కవేసే పద్ధతి పెద్ద సంస్థల వాహన విభాగాల్లో ఉంది. ఇంట్లో వాడే కారుకు కూడా ఆ లెక్క వర్తిస్తుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు నిలబెట్టడం కార్బురేటరు కాలం అలవాటు. ఇప్పుడు అవసరం లేదు. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఆక్సిలేటరు గట్టిగా తొక్కకుండా మెల్లగా నడిపితే ఇంజన్ త్వరగా, సమంగా వేడెక్కుతుంది.

ఆయిలు: చిక్కనా, పలుచనా?

షెడ్డుకు వెళితే ఇప్పటికీ వినబడే సలహా: "ఈ పలుచటి ఆయిల్ మన ఎండకు ఆగదు సార్, చిక్కటిది పోద్దాం." కొత్త కార్ల పుస్తకాల్లో 0డబ్ల్యూ-20, కొన్నిటిలో 0డబ్ల్యూ-16 అని ఉంటుంది. పాతకాలపు 20డబ్ల్యూ-50 చూసిన కళ్లకు అది నీళ్లలా కనబడుతుంది. ఆ మెకానిక్ చెడ్డ ఉద్దేశంతో చెప్పడు, తన అనుభవంతోనే చెబుతాడు. కానీ ఆ అనుభవం పాత ఇంజన్లది. మొదటి అంకె ఎంత తక్కువైతే చల్లగా ఉన్నప్పుడు ఆయిలు అంత త్వరగా పైకి ఎక్కుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం చెబుతుంది. బయట డిసెంబరైనా, రోహిణీకార్తె అయినా కూలెంటు, వేడిని బట్టి దాని దారిని తెరిచి మూసే థర్మోస్టాటు కలిసి ఇంజన్‌ను దాదాపు ఒకే వేడిలో ఉంచుతాయి. కాబట్టి బయటి ఎండను చూసి ఆయిల్ ఎంచుకోవడానికి ఆధారం తక్కువ. పైగా ఇప్పటి ఇంజన్లో వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తుంది. దాని సన్నటి దారుల్లో చిక్కటి ఆయిలు ఆలస్యంగా పారుతుంది.

అయితే మెకానిక్ మాటలో ఒక చిన్న నిజం ఉంది. కొన్ని పుస్తకాలు ఒకటికి మించిన రకాలకు అనుమతిస్తాయి, 0డబ్ల్యూ-20 గానీ 5డబ్ల్యూ-30 గానీ అని. ఎప్పుడూ నిండు బండితో, ఏసీతో, వంద వేగంతో హైవే మీదే తిరిగేవాళ్లు అనుమతించినవాటిలో చిక్కటిది ఎంచుకుంటే తప్పులేదు. అనుమతించనిది మాత్రం పోయకండి. డబ్బా మీద బ్రాండు పేరు కన్నా చిన్న అక్షరాల్లో ఉండే ప్రమాణం ముఖ్యం. పెట్రోలు బండికి ఏపీఐ ఎస్‌పీ లాంటిది, పొగ వడపోత ఉన్న బీఎస్-6 డీజిలు బండికి పుస్తకంలో రాసిన తక్కువ బూడిద రకం. డీజిలు బండికి ఆ రకం కాకుండా వేరేది పోస్తే ఇంజన్ బాగానే ఉంటుంది, ఖరీదైన వడపోత మూసుకుపోతుంది.

సర్వీసు పుస్తకం చివర్లో "తీవ్ర పరిస్థితులు" అనే పట్టిక ఒకటుంటుంది. చదివేవాళ్లు తక్కువ. దుమ్ము రోడ్లు, విపరీతమైన ఎండ, చిన్న చిన్న దూరాలు, ఎక్కువసేపు నిలబెట్టి నడపడం, ఇలాంటి వాడకం ఉంటే మామూలు గడువులో సగానికే ఆయిల్ మార్చమని సాధారణంగా అందులో ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ పట్టికలోకి రాని బండి ఎన్ని? మనకు మామూలుగా అనిపించే వాడకమే తయారీదారు దృష్టిలో తీవ్రం. ఊళ్లో తిరిగే బండికి అయిదు వేలు లేదా ఆరు నెలలు, హైవే బండికి పుస్తకంలోని మామూలు గడువు. ఇది నా సలహా.

అంతకన్నా ముఖ్యమైన అలవాటు, ఖర్చు లేనిది, నెలకొకసారి ఆయిల్ గేజు తీసి చూడటం. మైలేజీ కోసం ఇప్పటి పిస్టన్ రింగులను తక్కువ బిగువుతో చేస్తున్నారు. కార్బన్ పట్టి అవి కాస్త అంటుకుపోయినా ఇంజన్ పొగ కనపడకుండానే ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. డాష్‌బోర్డు మీది ఎర్రటి ఆయిల్ దీపం ఆయిల్ తగ్గిందని చెప్పే దీపమని ఎంతోమంది నమ్మకం. అది చెప్పేది ఒత్తిడి పడిపోయిందని. అది వెలిగేసరికి బేరింగులకు ఆయిలు అందడం ఆగి ఉండవచ్చు. వెలిగిన చోటే ఆపి ఇంజన్ కట్టేయాలి. "కావలి పది కిలోమీటర్లే కదా, అక్కడ చూపిద్దాం" అని నడిపితే ఇంజన్ పట్టేస్తుంది.

బోరు నీళ్లు, రోహిణీకార్తె

కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు బోరు నీళ్ల సంగతి అక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు సమస్య దశాబ్దాలుగా ఉన్న నేల అది. అవే నీళ్లు రేడియేటరులో పోస్తారు. నీళ్లలో కరిగిన సున్నం లాంటి లవణాల వల్ల నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చు లాంటిదే ఇంజన్ లోపలి నీటి దారుల్లోనూ పడుతుంది. ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు. రేడియేటరు గొట్టాలు సన్నబడతాయి. నీళ్లు నిండుగానే ఉన్నా ఇంజన్ హీటెక్కుతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. కూలెంటు అంటే రంగు నీళ్లు అనుకునేవాళ్లు చాలామంది. అందులోని గ్లైకాల్ మరిగే స్థాయిని పెంచుతుంది, కలిపిన మందులు అల్యూమినియాన్ని తుప్పు నుంచి కాపాడతాయి. ఆ మందులకు కాలపరిమితి ఉంది కాబట్టే పుస్తకం చెప్పిన ఏళ్లకు మార్చాలి. కలిపి అమ్మేది కొనండి, లేదా బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ నీళ్లతో కలపండి. దారిలో వేరే గతి లేక బోరు నీళ్లు పోయాల్సివస్తే పోయండి, ఇంటికొచ్చాక మొత్తం దింపి మార్చండి.

ఎండాకాలం ఎందుకంత గండమో చిన్న లెక్కతో తెలుస్తుంది. రేడియేటరు పని కూలెంటుకూ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలెంటు 95 డిగ్రీలు, డిసెంబరు గాలి 25 డిగ్రీలు అయితే తేడా 70. మే నెలలో ఒంగోలు రోడ్డు మీద గాలి 45 అయితే తేడా 50. అంటే అదే రేడియేటరు దాదాపు మూడో వంతు శక్తి కోల్పోయినట్టు. దానికి తోడు ముందు నిలబడ్డ ఏసీ కండెన్సరు తన వేడిని కూడా దాని మీదికే వదులుతుంది. డిసెంబరులో బయటపడని సగం మూసుకుపోయిన రేడియేటరు మే నెలలో, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రేడియేటరు రెక్కలు తినేసి ఉంటే కష్టం ఇంకా ముందే వస్తుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. బండి హీటెక్కుతోందంటే థర్మోస్టాటు వాల్వును పీకేసి "మన ఎండకు ఇది అక్కర్లేదు" అనే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. పీకేస్తే ముల్లు కిందికి దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ ఇంజన్ ఎప్పటికీ పూర్తి వేడికి రాదు. కంప్యూటరు ఇంకా చల్లగానే ఉందనుకుని అదనంగా పెట్రోలు కొడుతూనే ఉంటుంది, ఆయిల్లో నీరు ఆరిపోదు, నల్లటి జిడ్డు పేరుకుంటుంది. అసలు జబ్బు రేడియేటరులోనో, ఫ్యానులోనో, నీళ్ల పంపులోనో అలాగే ఉండిపోతుంది. ఇది ఇంజన్ ఆయుష్షును నెమ్మదిగా తినే పని.

కొత్త కార్లు చాలావాటిలో ఉష్ణోగ్రత ముల్లే తీసేశారు. చల్లగా ఉంటే నీలి దీపం, మితిమీరితే ఎర్ర దీపం, మధ్యలో ఏమీ లేదు. ఇది నాకు నచ్చని మార్పు, ఎందుకంటే హెచ్చరిక వచ్చేసరికే ఆలస్యం. ఎర్ర దీపం వెలిగితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజన్ కట్టేయండి. వేడి మీద రేడియేటరు మూత తిప్పితే మరుగుతున్న నీళ్లు ముఖాన కొడతాయి. చల్లటి నీళ్లు ఇంజన్ మీద గుమ్మరించకండి. అల్యూమినియం హెడ్డు ఒక్కసారి వంకరపోతే గ్యాస్కెట్ పోతుంది, నీళ్లూ ఆయిలూ కలుస్తాయి. రెండు లక్షలు నడవాల్సిన ఇంజన్ ఒక్క మధ్యాహ్నంలో ఆగిపోయేది ఇలాగే.

చీమకుర్తి దుమ్ము

చీమకుర్తి, రామతీర్థం వైపు గ్రానైటు లారీల వెనక నడిచిన బండి ఎయిర్ ఫిల్టరు విప్పి చూస్తే బూడిదరంగు పొడి రాలుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బండ్లదీ అదే కథ. రాతిపొడి సిలిండరు ఇనుముకన్నా గట్టిది. ఆయిల్ పొర మందమెంతో పైన చెప్పుకున్నాం. ఆ మందానికి కాస్త పెద్దదైన రేణువు పొరను దాటుకుని రెండు లోహాలనూ ఒకేసారి గీస్తుంది. కంటికి కనబడే ఇసుక రేణువు కన్నా కనబడని పొడే ఎక్కువ చెరుపు.

ఫిల్టరును వారానికోసారి కంప్రెసరు గాలితో ఊదించడం శ్రద్ధ అనుకుంటాం. అది హాని. బలమైన గాలికి కాగితంలో చిన్న చిల్లులు పడతాయి, ఇక అది వడపోయదు. నిజానికి కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరు కొత్తదానికన్నా బాగా వడపోస్తుంది, ఎందుకంటే పట్టిన దుమ్మే ఇంకో పొరగా పనిచేస్తుంది. అది మరీ మూసుకుపోయే ముందు కొత్తది వేయడమే సరైన పని. ఆ ధర ఇంజన్ ఖర్చు ముందు ఏ లెక్కా కాదు. ఫిల్టరు డబ్బా మూత క్లిప్పులు, దాని తర్వాతి గొట్టం బిగింపు గట్టిగా ఉన్నాయా చూడండి. అక్కడ సందు ఉంటే ఎంత మంచి ఫిల్టరైనా దండగ.

కొత్త ఇంజన్లు, కొత్త బలహీనతలు

అంబాసిడర్ 1,489 సీసీ ఇంజన్ ఇచ్చింది దాదాపు యాభై హార్స్‌పవర్. ఇవాళ ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజన్ వంద నుంచి నూట ఇరవై ఇస్తోంది. అంత పని చేయించడానికి లోహం తట్టుకుంటోంది, కానీ ఆయిల్ మీద భారం పెరిగింది. ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాని బేరింగుకు ఆధారం అదే ఇంజన్ ఆయిలు. హైవే మీద వేగంగా వచ్చి టోల్ దగ్గరో హోటలు దగ్గరో టక్కున ఇంజన్ ఆపితే ఆ వేడికి అక్కడి ఆయిలు మాడి బొగ్గవుతుంది. అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగి కట్టేయండి. ఎక్కువ గేరులో తక్కువ వేగంతో గట్టిగా తొక్కడం కూడా ఈ చిన్న టర్బోలకు పడదు. మంట సమయం కాకముందే అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదముంది. ఏపీఐ ఎస్‌పీ ఆయిలు 2020లో వచ్చింది ప్రధానంగా ఈ బెడద తగ్గించడానికి, వాల్వులను వేళకు తెరిచి మూయించే టైమింగ్ చెయిన్ అరుగుదల తగ్గించడానికి.

చెయిన్ ఉంటే జీవితాంతం చూడక్కర్లేదని అమ్మేటప్పుడు చెబుతారు. ఆయిల్ మురికైతే చెయిన్ సాగుతుంది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గలగలమంటుంది. చెయిన్‌కు బదులు బెల్టు ఉన్న బండ్లలో బెల్టుకు కిలోమీటర్ల గడువుతోపాటు ఏళ్ల గడువూ ఉంటుంది. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి. మీ బండికి ఏదుందో తెలుసుకుని, బెల్టయితే గడువు దాటనివ్వకండి.

బీఎస్-6 డీజిలు కారు ఊళ్లో రోజూ మూడు కిలోమీటర్లు తిప్పేవాళ్లకు తగదు. పొగ వడపోతలో పట్టిన మసిని కాల్చుకోవడానికి ఇంజన్‌కు హైవే వేడి కావాలి. ఆ వేడి తెప్పించడానికి అదనంగా కొట్టే డీజిలు కొంత ఆయిల్లోకి దిగుతుంది. గేజు మీద ఆయిలు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పెరిగిన ఆయిలు పలుచబడిన ఆయిలు, అది సంతోషించాల్సిన విషయం కాదు. వారానికొకసారి నెల్లూరు నుంచి కావలి దాకా ఆగకుండా వెళ్లొస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇ20, అంటే 20 శాతం ఎథనాలు కలిపిన పెట్రోలు గురించి అందరూ అడుగుతున్నారు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్ల రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు దానికి తట్టుకునేలా చేశారు. అంతకుముందువి ఎక్కువగా ఇ10 దాకా అనుకుని చేసినవి. ఎథనాలులో పెట్రోలు కన్నా శక్తి దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ తగ్గడం ఖాయం. ఎథనాలు లేని పెట్రోలుకు రూపొందించి, ఇ10కి సరిచేసిన కార్లలో 6–7 శాతం తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాత బండికి ఇది పిస్టన్లు పట్టేసే ప్రమాదం కాదు, గొట్టాలు, సీళ్లు, పంపు మీద కన్నేసి ఉంచాల్సిన సంగతి. ఎథనాలు తేమను పీలుస్తుంది. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టే బండిలో పాత పెట్రోలు నిలవ ఉంచకండి.

వరద నీళ్ల మాట కూడా చెప్పాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకు ఎన్నో కార్లు నీళ్లలో ఆగిపోయాయి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయబోవడమే అసలు నష్టం. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. తాళం చెవి జోలికి పోకుండా తోయించుకుని షెడ్డుకు చేర్చండి. మామూలు బీమాలో ఇలాంటి నష్టం సాధారణంగా రాదు. ఇంజన్ రక్షణ అనే అదనపు కవరు ఉంటేనే వస్తుంది. పెన్నా గట్ల దగ్గర, పల్లపు వీధుల్లో ఉండేవాళ్లు ఆ కాస్త ప్రీమియం కట్టడం మంచిది.

ఇన్ని చేసినా ఇంజన్ ఒకనాటికి అరుగుతుంది. అప్పుడు "ఇంజన్ విప్పాల్సిందే" అన్న మాట రాగానే ఒప్పుకోకండి. ముందు కంప్రెషన్ పరీక్ష చేయించండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరు ఒత్తిడి కొలవడానికి గంట పని. నాలుగూ ఉండాల్సిన స్థాయిలో, దగ్గరదగ్గరగా ఉంటే ఇంజన్ లోపల బాగున్నట్టే, జబ్బు ఇంజెక్టరులోనో సెన్సారులోనో ఉండవచ్చు. ఒకటి బాగా తక్కువ ఉంటే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవమనండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు గానీ గ్యాస్కెట్ గానీ. వాల్వుల పనికి హెడ్డు దింపితే చాలు, కింది భాగం ముట్టుకోనక్కరలేదు. నీలి పొగ ఆయిలుకు గుర్తు, నల్ల పొగ ఎక్కువైన ఇంధనానికి గుర్తు, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంటుకు గుర్తు. కిందా పైనా మొత్తం విప్పాల్సి వస్తే బండి వయసు చూడండి. సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పదో ఏట ఉన్న, బాడీకి తుప్పు పట్టని బండికి మంచి మెషిన్ షాపులో బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, బేరింగులు వేయిస్తే ఇంకో లక్ష, లక్షన్నర హాయిగా నడుస్తుంది. పద్నాలుగో ఏట, కింద తుప్పు తినేసిన బండికి అదే ఖర్చు పెట్టేముందు వాడిన ఇంజన్ ఏదైనా దొరుకుతుందేమో ఆటోనగర్‌లో కనుక్కోండి. దొరికితే దాని కంప్రెషన్ కూడా కొలిపించాకే డబ్బివ్వండి, కొత్త ఇంజన్ నంబరును రవాణా శాఖలో ఆర్‌సీ మీద ఎక్కించడం మరచిపోకండి.